ఎమర్జెన్సీలో కోర్టు తలుపులు ఎలా మూసుకున్నాయి, ఇప్పుడు అలా మూయగలరా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పార్వతీపురం దగ్గరి గ్రామంలో ఉపాధ్యాయుడిగా ఉన్న మీ తాతగారిని 1975 జూలైలో మీసా అనే నిర్బంధ చట్టం కింద పట్టుకుపోయి, విశాఖపట్నం జైలులో పద్దెనిమిది నెలలకు పైగా ఉంచారు. ఏ నేరమో చెప్పలేదు, ఏ కోర్టులోనూ హాజరుపరచలేదు. ఆయన ట్రంకుపెట్టెలో మడత పెట్టిన ఇంగ్లీషు కాగితం ఒకటి ఇప్పటికీ ఉందని రాశారు. ప్రాథమిక హక్కులు ఉన్న దేశంలో అది ఎలా చెల్లింది, మళ్ళీ అలా జరగగలదా అని అడిగారు. శ్రీకాకుళం జిల్లా కోర్టులో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా క్రిమినల్ కేసులు చూస్తున్నాను. వాటిలో నిర్బంధానికి సంబంధించినవి తక్కువేమీ కావు కాబట్టి, పుస్తకంలో ఉన్నదానితో పాటు కోర్టు వరండాలో తెలిసినదీ కలిపి చెబుతాను.

సూటిగా సమాధానం: మీ తాతగారి నిర్బంధం ఆనాటి చట్టం ప్రకారం చెల్లింది, దానిని ప్రశ్నించడానికి కోర్టుకు రావడానికి వీల్లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టే చెప్పింది. ఆ రూపంలో అది మళ్ళీ జరగడానికి ఇప్పుడు రాజ్యాంగం ఒప్పుకోదు. అయితే ఒక మనిషిని విచారణ లేకుండా ఏడాది పాటు జైలులో ఉంచడానికి ఈరోజు ఎమర్జెన్సీ ప్రకటించవలసిన పని కూడా లేదు. అందుకు మామూలు చట్టాలు చాలు. మీ తాతగారికి లేనిది, నేటి నిర్బంధితుడికి ఉన్నది ఒక్కటే: తన చేతికి ఏ కాగితం ఇచ్చారు, ఏ తేదీన ఇచ్చారు, ఏ భాషలో ఇచ్చారు అని అడిగే హక్కు, ఆ ప్రశ్న వినవలసిన కోర్టు. చూడడానికి చిన్న విషయంలా కనిపిస్తుంది. నా అనుభవంలో జైలు తలుపు తెరుచుకున్నది దాదాపు ప్రతిసారీ దానితోనే.

1975లో రాజ్యాంగాన్ని మూలన పడేశారని చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రతి అడుగూ రాజ్యాంగంలోని ఏదో ఒక అధికరణాన్ని చూపించే వేశారు. జూన్ 25 రాత్రి 352వ అధికరణం కింద ‘అంతర్గత కల్లోలం’ అనే కారణంతో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ప్రకటనపై సంతకం చేశారు. కేంద్ర మంత్రివర్గం సమావేశమైనది మరునాటి ఉదయం. అప్పటికే ప్రతిపక్ష నాయకుల అరెస్టులు మొదలైపోయాయి. జూన్ 27న 359వ అధికరణం కింద ఇంకొక ఉత్తర్వు వచ్చింది. 14, 21, 22 అధికరణాలలోని హక్కుల అమలు కోసం ఎమర్జెన్సీ ఉన్నంత కాలం ఏ కోర్టునూ ఆశ్రయించరాదన్నది దాని సారాంశం. చట్టం ముందు సమానత్వం, ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ, అరెస్టయినవారికి ఉండే రక్షణలు, ఈ మూడూ ఆ మూడు అధికరణాల్లోనే ఉన్నాయి. హక్కును రద్దు చేశామని ఆ ఉత్తర్వు ఎక్కడా అనలేదు. ఇల్లు మీదే, తాళంచెవి మాత్రం మా దగ్గర ఉంటుంది అన్నట్టుగా ఉంటుంది దాని భాష.

ఇక మీసా, అంటే 1971 నాటి అంతర్గత భద్రతా పరిరక్షణ చట్టం. మొదట దానిలోనూ కొన్ని కట్టుబాట్లు ఉండేవి: నిర్బంధానికి కారణాలు తెలపాలి, నిర్బంధం సబబో కాదో చూసే సలహా మండలి ముందు పెట్టాలి. 1975 జూన్ చివరిలో ఆర్డినెన్సు ద్వారా 16ఎ అనే సెక్షన్ చేర్చి వాటిని తీసేశారు. ఎమర్జెన్సీని సమర్థంగా ఎదుర్కోవడానికి ఈ నిర్బంధం అవసరమని కలెక్టరు ఒక ప్రకటన చేస్తే చాలు, కారణాలు చెప్పనక్కరలేదు; సలహా మండలి ఊసే లేదు. పదిహేను రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వం, అంటే అదే యంత్రాంగంలోని పై మెట్టు, దానిని ఖరారు చేసేది. నిర్బంధ కారణాలను రాజ్య రహస్యాలుగా పరిగణించాలని, వాటిని ఎవరికీ వెల్లడించరాదని కూడా తరువాత అదే సెక్షన్‌లో రాసిపెట్టారు. అంటే నిర్బంధితుడికే కాదు, కోర్టుకు కూడా చూపనక్కరలేదు. ఆగస్టులో 39వ సవరణతో మీసాను, చట్టాలను కోర్టు సవాళ్ళ నుంచి కాపాడే తొమ్మిదో షెడ్యూలులో చేర్చి ఆ దారి కూడా బిగించారు.

నేను జూనియరుగా చేరినప్పుడు మా సీనియరు గారి బీరువాలో అటువంటి ఉత్తర్వు నకలు ఒకటి ఉండేది. సైక్లోస్టైలు చేసిన అర పేజీ కాగితం. నిర్బంధానికి కారణమైన మాటలన్నీ ముందే అచ్చయి ఉన్నాయి. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు ఉండవలసిన మూడు చోట్ల చుక్కల గీతలు ఉండి, వాటిపై నీలం సిరాతో నింపి ఉంది. తండ్రి పేరు తప్పు రాసి, కొట్టేసి, పక్కన దిద్దారు. దిద్దిన చోట పొట్టి సంతకం కూడా లేదు. ఆయన దానిని మా చేతికిచ్చి, “దీనిలో ఎన్ని లోపాలున్నాయో చెప్పండి” అనేవారు. మేము అయిదో ఆరో చెప్పేవాళ్ళం. “సరే, ఇప్పుడు వీటిని ఏ కోర్టులో చెబుతారు?” అని మళ్ళీ అడిగేవారు. ఆ రెండో ప్రశ్నకు 1975 నుంచి 1977 వరకు జవాబు లేదు.

జవాబు లేకుండా చేసినది జబల్‌పూర్ అదనపు జిల్లా మేజిస్ట్రేట్ కేసు. తొమ్మిది హైకోర్టులు అప్పటికి నిర్బంధితుల పక్షాన నిలిచాయి: ఎమర్జెన్సీ ఉన్నా, ఉత్తర్వు చట్టానికి లోబడి ఉందో లేదో చూసే అధికారం మాకు ఉంది అన్నాయి. సుప్రీంకోర్టులో ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎన్. రే, ఎం.హెచ్. బేగ్, వై.వి. చంద్రచూడ్, పి.ఎన్. భగవతి ఒక వైపు, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఒక వైపు. వాదనల సమయంలో ఖన్నా అటార్నీ జనరల్ నిరేన్ డేను అడిగిన ప్రశ్న తెలిసే ఉంటుంది: ఒక పోలీసు అధికారి వ్యక్తిగత పగతో ఒక మనిషిని చంపితే, దానికి కోర్టులో దారి ఏమిటి అని. నా వాదనే సరైనదైతే ఎమర్జెన్సీ ఉన్నంత కాలం దారి లేదు అన్నట్లుగా జవాబు వచ్చింది. నలుగురు న్యాయమూర్తులు ఆ జవాబు విని కూడా ప్రభుత్వ పక్షాన తీర్పు ఇచ్చారు. 1977 జనవరిలో ఖన్నాకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకంటే జూనియరైన బేగ్‌కు ఇచ్చారు. ఖన్నా రాజీనామా చేశారు. తరువాత ఎమర్జెన్సీ అతిక్రమణలపై విచారణ జరిపిన షా కమిషన్ లెక్క ప్రకారం దేశమంతటా మీసా కింద 34,988 మంది, దేశ రక్షణ నిబంధనల కింద మరో 75,818 మంది నిర్బంధానికీ అరెస్టుకూ గురయ్యారు. మీ తాతగారు ఆ మొదటి సంఖ్యలో ఒకరు.

ఆ తలుపును తిరిగి తెరిచింది 44వ సవరణ. 1978లో పార్లమెంటు ఆమోదించిన ఈ సవరణ ఒక్కో దెబ్బకు ఒక్కో కట్టు కట్టినట్టుగా ఉంటుంది. ‘అంతర్గత కల్లోలం’ అనే సాగదీయగల మాట తీసి ‘సాయుధ తిరుగుబాటు’ అని పెట్టారు. జూన్ 25 రాత్రి మంత్రివర్గానికి తెలియకుండా జరిగింది కనుక, మంత్రివర్గ నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా తెలియజేస్తే తప్ప రాష్ట్రపతి ప్రకటన చేయరాదన్నారు. పార్లమెంటు నెల రోజుల్లో ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి; ఆరు నెలలకు మించి కొనసాగాలంటే మళ్ళీ ఆమోదం కావాలి. అన్నిటికంటే ముఖ్యం, 20, 21 అధికరణాల కోసం కోర్టుకు వెళ్ళే హక్కును ఎటువంటి ఎమర్జెన్సీలోనూ ఆపడానికి వీలులేదని 359వ అధికరణంలోనే రాశారు. 2017 ఆగస్టు 24న గోప్యత హక్కు కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం జబల్‌పూర్ తీర్పును పేరుపెట్టి కొట్టివేసింది. అందులో ప్రధానమైన తీర్పు రాసినవారు డి.వై. చంద్రచూడ్, ఆనాటి నలుగురిలో ఒకరైన వై.వి. చంద్రచూడ్ కుమారుడు.

ఇంతవరకు చదివి ఊపిరి పీల్చుకునేవారికి నేను చెప్పే విషయం ఒకటుంది. అదే 44వ సవరణలో మూడో సెక్షన్ ఉంది. నివారక నిర్బంధం, అంటే నేరం చేస్తాడేమోనన్న అనుమానంతో ముందుగానే బంధించడం, కింద సలహా మండలి అభిప్రాయం లేకుండా మనిషిని ఉంచగల గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గించి, ఆ మండలిని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు మేరకే ఏర్పాటు చేయాలని అది చెబుతుంది. పార్లమెంటు ఆమోదించింది, రాష్ట్రపతి సంతకం అయింది. అమలు తేదీని మాత్రం కేంద్ర ప్రభుత్వం ప్రకటించాలి. ఇన్ని దశాబ్దాల్లో ఎన్నో పార్టీలు అధికారంలోకి వచ్చాయి, ఎమర్జెన్సీలో జైలుకు వెళ్ళినవారే మంత్రులయ్యారు, ఆ తేదీ మాత్రం ఎవరూ ప్రకటించలేదు. మీసాను 1978లో రద్దు చేశారు. 1980లో జాతీయ భద్రతా చట్టం వచ్చింది. మధ్య విరామం రెండేళ్ళు.

మన ప్రాంతం గురించి ఒక మాట చెప్పకపోతే మీ తాతగారి కథ సగమే అర్థమవుతుంది. ఆనాడు పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో. ఏజెన్సీలో అసాధారణ చట్టం 1975లో మొదలవలేదు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళుతున్న గిరిజనుల్లో ఇద్దరు లేవిడి దగ్గర భూస్వాముల పక్షం జరిపిన కాల్పుల్లో మరణించిన తరువాత గిరిజన ఉద్యమం ఆయుధాలు పట్టింది, ప్రభుత్వం కూడా తన ఆయుధాలు తీసింది. వాటిలో ఒకటి మద్రాసు రాష్ట్రం నాటి 1948 అల్లర్ల అణచివేత చట్టం. 1969లో ఏజెన్సీ ప్రాంతాలను దాని కింద కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. అటువంటి చోట అయిదుగురు గుమిగూడరాదన్న ఉత్తర్వును మీరినవారిపై సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారి తనకు అవసరమని తోచిన హెచ్చరిక ఇచ్చి, ప్రాణం పోయే మేరకు కూడా బలం ఉపయోగించవచ్చు. గమనించారా, ఇందుకు 352వ అధికరణం అక్కరలేకపోయింది. ఆ ఉద్యమకారులపై పెట్టి, విశాఖపట్నంలో ఏళ్ళ తరబడి నడిచిన పార్వతీపురం కుట్ర కేసు ముద్దాయిలకు ఢిల్లీలో ఎమర్జెన్సీ ప్రకటించిన రోజు కొత్తగా అనిపించి ఉండదు. 1977 ఎన్నికల్లో ఉత్తర భారతమంతా ఎమర్జెన్సీని ఓడిస్తే మన రాష్ట్రం 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెసుకే ఇచ్చింది. కారణాలు చాలా ఉండవచ్చు. నిర్బంధం కొండల మీదివారికి జరిగినంత కాలం కింద మైదానంలో పెద్దగా కనబడలేదు అన్నది వాటిలో ఒకటని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. నేడు నివారక నిర్బంధం మన జిల్లాలో ఎలా పనిచేస్తుంది? ఎక్కువగా కనిపించేది 1986 నాటి రాష్ట్ర చట్టం, అందరూ పి.డి. యాక్టు అంటారు. నాటుసారా, మత్తుమందులు, గూండాయిజం, దోపిడీ, భూకబ్జా, వ్యభిచార వ్యాపారం, ఈ కోవలోని కార్యకలాపాలు పబ్లిక్ ఆర్డర్‌కు భంగమని కలెక్టరుకు ‘సంతృప్తి’ కలిగితే మనిషిని జైలులో పెట్టవచ్చు. నేరం రుజువు కానక్కరలేదు. పన్నెండు రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి. అయిదు రోజుల్లో కారణాలు నిర్బంధితుడికి ఇవ్వాలి. మూడు వారాల్లో సలహా మండలి ముందు పెట్టాలి, నిర్బంధించిన ఏడు వారాల్లో మండలి నివేదిక ఇవ్వాలి. గరిష్ఠం పన్నెండు నెలలు. మండలి ముందు న్యాయవాదిని పెట్టుకునే హక్కు లేదు. 1981లో ఎ.కె. రాయ్ కేసులో సుప్రీంకోర్టు, న్యాయవాది కాని మిత్రుడి సాయం తీసుకోవచ్చు అన్నది. అందుకని ఒకసారి నేను ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారికి మూడు రోజులు పాఠం చెప్పి పంపవలసి వచ్చింది. ఆయన నాకంటే బాగా మాట్లాడారని తరువాత విన్నాను.

ఇటువంటి కేసుల్లో కోర్టు మొదట చూసేది ఆ మనిషి మంచివాడా చెడ్డవాడా అని కాదు. చాలామంది కక్షిదారుల కుటుంబాలకు ఇది అర్థం చేయించడానికే ఒక పూట పడుతుంది. “మావోడు ఏ పాపం ఎరగడు బాబూ” అంటూ మొదలుపెడతారు. నేను “ఆ కాగితం ఏదమ్మా, ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు” అంటాను. వాళ్ళకు నేను కఠినుడిలా కనిపిస్తాను.

ఒక కేసు చెబుతాను. ఇచ్ఛాపురం వైపు ఒక మనిషిని నాటుసారా కేసులు ఉన్నాయంటూ నిర్బంధించారు. ఇల్లూ వాకిలీ అంతా ఒడియా. చదివింది ఒడియా మీడియంలో అయిదో తరగతి వరకు. తెలుగు సంతలో బేరం చేసేంత వచ్చు, చదవడం రాదు. అతని చేతికి ఇచ్చిన కారణాల పత్రం తొమ్మిది పేజీల ఇంగ్లీషు. దానికి జతపరిచిన తెలుగు అనువాదం మూడు పేజీలే. చివరి పేజీలో “తెలుగులో చదివి వినిపించగా అర్థమైనది” అని తెలుగు టైపులో ఒక వాక్యం, దాని కింద అతని సంతకం. ఆ సంతకం ఒడియా అక్షరాల్లో ఉంది. జైలు ములాఖత్‌లో నకలు చూసినప్పుడు మిగతా పేజీలు తిప్పకుండా ఆ ఒక్క సంతకం దగ్గరే ఆగిపోయాను. తనకు అర్థం కాని భాషలో కారణాలు ఇస్తే ఇవ్వనట్టే, నోటితో వివరించడం చాలదు అని 1960ల చివర హాడిబంధు దాస్ అనే కటక్ నిర్బంధితుడి కేసులోనే సుప్రీంకోర్టు చెప్పి ఉంది. అక్కడ కూడా ఉత్తర్వు ఇంగ్లీషు, మనిషి ఒడియా. ఆ రోజుల్లో హైకోర్టు హైదరాబాదులో ఉండేది కనుక ఆమదాలవలసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళి, అక్కడి మిత్రుడి ద్వారా హెబియస్ కార్పస్, అంటే బంధించిన మనిషిని కోర్టు ముందు పెట్టమని కోరే పిటిషన్, వేశాము. ప్రభుత్వ న్యాయవాది ఆ సంతకం చూసి పెద్దగా వాదించలేదు. ఉత్తర్వు రద్దయింది. 22వ అధికరణం అయిదో ఉపఖండంలో ‘కారణాలు తెలియజేయాలి’ అన్న మాట లేకపోతే ఆ సంతకం ఏ భాషలో ఉన్నా ఒకటే. మీ తాతగారికి 16ఎ సెక్షన్ తీసేసినది సరిగ్గా ఆ మాటనే.

మరొక రక్షణ, పబ్లిక్ ఆర్డర్ అనే మాటకు కోర్టులు గీసిన హద్దు. రామ్ మనోహర్ లోహియా కేసులో, 1965లో, ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు వృత్తాలను ఊహించుకోమన్నారు: పెద్దది శాంతిభద్రతలు, దాని లోపల పబ్లిక్ ఆర్డర్, ఇంకా లోపల రాజ్య భద్రత. రాజాం సంతలో ఇద్దరు కత్తులు దూసుకుంటే అది శాంతిభద్రతల సమస్య, దానికి మామూలు కేసు, మామూలు జైలు ఉన్నాయి. ఆ గొడవతో ఊరంతా దుకాణాలు మూసుకుని తలుపులు బిగించుకుంటే అప్పుడు పబ్లిక్ ఆర్డర్. కారణాల పత్రంలో అయిదు ఎఫ్.ఐ.ఆర్. నంబర్లు వరుసగా పేర్చి, చివర ‘అందువలన పబ్లిక్ ఆర్డర్‌కు భంగం’ అని ఒక వాక్యం అతికించే అలవాటు చాలాచోట్ల ఉంది. 2023 సెప్టెంబరులో అమీనా బేగం కేసులో, ఇదే 1986 చట్టాన్ని తెలంగాణలో యాంత్రికంగా వాడుతున్న తీరును సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. బెయిలు వస్తుందన్న భయంతో పి.డి. పెట్టే పద్ధతికి 2011 నాటి రేఖా కేసు కూడా అడ్డు: మామూలు చట్టం సరిపోయే చోట నివారక నిర్బంధం చెల్లదు.

ఇవి నిర్బంధ ఉత్తర్వు అనే కాగితం ఉన్న కేసులు. అసలు కాగితమే లేకుండా మనిషిని స్టేషనులో కూర్చోబెట్టడం అంతకంటే ఎక్కువ. 22వ అధికరణం రెండో ఉపఖండం ప్రకారం అరెస్టయిన ఇరవై నాలుగు గంటల్లో, ప్రయాణ కాలం మినహా, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో అది 58వ సెక్షన్. కారణాలు చెప్పడం 47, బంధువులకు తెలపడం 48. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు దానిని దాటే ఉపాయం ఒక్కటే, అరెస్టు అసలు జరిగిన దానికంటే ఆలస్యంగా జరిగినట్లు చూపించడం.

టెలిగ్రాంలు ఉన్న రోజుల్లో ఒక తల్లి పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. “రేతిరి అన్నం తింటన్నోడ్ని లేపుకుపోనారు బాబూ” అంది. నేను కేసు వివరాలేమీ అడగకుండా ఆమెను వెంటబెట్టుకుని తపాలా కార్యాలయానికి వెళ్ళాను. కలెక్టరుకు ఒకటి, ఎస్.పి.కి ఒకటి, మేజిస్ట్రేటుకు ఒకటి: ఫలానా మనిషిని ఫలానా రాత్రి ఫలానా స్టేషనువారు తీసుకువెళ్ళారు, ఇంతవరకు కోర్టులో హాజరుపరచలేదు. రసీదు మీద తేదీ, గంట ముద్ర పడ్డాయి. మూడు రోజుల తరువాత వచ్చిన రిమాండు రిపోర్టులో, అతడు ఆ ఉదయమే ఆర్.టి.సి. కాంప్లెక్సు దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతూ పోలీసులను చూసి పారిపోబోగా, మధ్యవర్తుల సమక్షంలో పట్టుకున్నట్లు ఉంది. మేజిస్ట్రేటు గారు టెలిగ్రాం రసీదును, రిమాండు రిపోర్టును పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. తరువాత ముద్దాయిని దగ్గరికి పిలిచి, “మూడు రోజులుగా భోజనం ఎక్కడ చేశావు?” అని అడిగారు. బెయిలు ఆ రోజే రాలేదు కానీ, ఆ ప్రశ్నతో కేసు నడక మారిపోయింది. 2013 జూలైలో టెలిగ్రాం ఆగిపోయినప్పుడు పేపర్లలో అందరూ పెళ్ళి శుభాకాంక్షల గురించి రాశారు. మా బారులో మేము ఆ ముద్ర గురించి బాధపడ్డాము. ఇప్పుడు ఈమెయిలు, స్పీడు పోస్టు, వాట్సాప్ ఉన్నాయి. పంపిన సమయం నిలిచి ఉండేది ఏదైనా పనికివస్తుంది. సమాచార హక్కు చట్టం కింద కూడా, మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించిన సమాచారాన్ని నలభై ఎనిమిది గంటల్లో ఇవ్వాలి. ఆ సంగతి దరఖాస్తు పైనే పెద్ద అక్షరాలతో రాయాలి.

హౌస్ అరెస్టు గురించి మీరు అడగలేదు, కానీ ఏ ‘చలో’ కార్యక్రమం ఉన్నా తెల్లవారుజామున నాయకుల ఇంటి ముందు పోలీసు జీపు ఆగడం మన దగ్గర మామూలైపోయింది కనుక రెండు వాక్యాలు. పోలీసులు తమంతట తాము మనిషిని ఇంట్లో బంధించడానికి సంహితలో ప్రత్యేకమైన సెక్షన్ లేదు. నేరం జరగకుండా ఆపడానికి 168 కింద చర్య తీసుకోవచ్చు, తప్పనిసరైతే 170 కింద ఇరవై నాలుగు గంటలకు మించకుండా అరెస్టు చేయవచ్చు. నోటీసు ఇస్తే తీసుకోండి, తీసుకున్న గంట దాని మీదే రాసి సంతకం పెట్టండి. నోటీసు లేదంటే లేదన్న సంగతి ఎస్.పి.కి మెయిలు చేయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. నేను చెప్పిన కేసులు గెలిచినవి. గెలిచిన వాటిలో కూడా ఎంత కాలం పట్టిందో చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టు. ఒడియా సంతకం మనిషి అయిదు నెలలు లోపలే ఉన్నాడు. నా పి.డి. కేసుల్లో ఒక్కదానిలో కూడా మనిషి నాలుగు నెలలకు ముందు బయటికి రాలేదు. పన్నెండు నెలల నిర్బంధంలో పదో నెలలో ఉత్తర్వు రద్దయితే తీర్పులో మనం గెలిచినట్లు, కాలంలో ప్రభుత్వం గెలిచినట్లు. హైకోర్టు అమరావతికి వచ్చిన తరువాత దూరం తగ్గింది, రాత్రి రైలు మాత్రం తప్పలేదు. జిల్లా కోర్టుకు హెబియస్ కార్పస్ వినే అధికారం లేదు. పరిహారం సంగతి ఇంకా తక్కువ. రుదుల్ సా అనే బీహారు ఖైదీని నిర్దోషిగా విడిచిపెట్టాక కూడా పద్నాలుగేళ్ళు జైలులో ఉంచారని 1983లో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. ఆ తీర్పును మేము ప్రతి పిటిషన్‌లోనూ ఉదహరిస్తాము, డబ్బు చేతికి వచ్చిన కక్షిదారు మాత్రం నాకు ఇంతవరకు తారసపడలేదు. ఉపా, అంటే చట్టవిరుద్ధ కార్యకలాపాల నివారణ చట్టం, కింద కేసయితే సమస్య వేరు: కోర్టు అనుమతితో చార్జిషీటు గడువే 180 రోజుల వరకు సాగుతుంది, బెయిలుకు అడ్డు 43డి సెక్షన్‌లోనే ఉంది. దాని ముందు నేను పైన చెప్పిన తేదీల లెక్క చాలాసార్లు సరిపోదు.

ఇక మీ తాతగారి కాగితం. దానిని విప్పేటప్పుడు మడతల దగ్గర జాగ్రత్త. ఆ కాలపు కాగితం మడత మీదే విరుగుతుంది. ముందు వెలుతురులో ఫొటో తీయండి. పేరు టైపులో ఉందా, సిరాతో నింపారా చూడండి. ‘ఎమర్జెన్సీని సమర్థంగా ఎదుర్కోవడానికి’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఉంటే అది 16ఎ ప్రకటన. అది లేకపోతే ఆనాటి చట్టం ప్రకారం కూడా ఆయనకు కారణాలు చెప్పి ఉండవలసింది. విశాఖపట్నం కేంద్ర కారాగారం సూపరింటెండెంటుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, 1975–77 ప్రవేశ రిజిస్టరులో ఆయన పేరున్న పుట నకలు అడగండి. రిజిస్టరు మిగిలి ఉంటే మూడు తేదీలు దొరుకుతాయి: ఉత్తర్వు తేదీ, జైలులో చేర్చుకున్న తేదీ, విడుదల తేదీ. ఆయనను ఇంటి నుంచి తీసుకువెళ్ళిన తేదీ మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు. మీ మామ్మగారు ఉన్నారని రాశారు కదా, ఆమెనే అడగాలి. తేదీ అడిగితే చెప్పలేకపోవచ్చు. ఆ ఏడు రథయాత్రకు ముందా తరువాతా, వరినారు పోసేశారా లేదా, వారం ఏమిటి అని అడగండి. దానిని 1975 పంచాంగంతో సరిచూస్తే తేదీ బయటపడుతుంది. అది ఉత్తర్వు తేదీ కంటే ముందుదైతే, మధ్యలో ఆ రోజులు ఆయనను ఏ కాగితం మీద ఉంచారో నాకు రాయండి.